మూసిందన్న మాట

కెప్టెన్ అక్నజర్ టీ పోసుకుంటే సగం గిన్నెలో పడింది, సగం బల్ల మీద పడింది. ఆయన అదేమీ గమనించకుండా గిన్నె ఎత్తి ఓ గుక్క తాగి, "ఇవాళ కూడా టీలో వెన్న తక్కువే వేశారు, ఉప్పు మాత్రం దోసెడు పోశారు," అని వంటమనిషి మీద విసుక్కున్నాడు. బల్ల మీద పారుతున్న టీని చూసింది పక్కన కూర్చున్న నుమోన్ ఒక్కడే. చూసి మర్చిపోయే రకమైతే ఈ కథే లేదు. అతను దాన్ని మనసులో భద్రంగా దాచుకున్నాడు.

వసంతం వచ్చినప్పటి నుంచీ నుమోన్ ఇలాంటివే ఏరుకుంటున్నాడు. వాతావరణం కాగితం చేతికిస్తే కెప్టెన్ దాని మొహం కూడా చూడడు. "నువ్వు చదవరా, నేను వింటా," అంటాడు. ఎత్తు చూపించే ముల్లు ఆయన ముక్కుకి ఎదురుగానే ఉంటుంది, అయినా "ఎత్తెంత?" అని అడుగుతాడు. నూనె వేడి ఎంత అని అడుగుతాడు. ఓ రోజు భోజనాల గదిలో మిరపకాయని చిక్కుడుకాయ అనుకుని కసుక్కున కొరికి, కళ్ళంట నీళ్ళు కారుతుంటే, "పొద్దున్నే మంచి కారం తింటే ఒంటికి మంచిది," అని అందరి ముందూ బుకాయించాడు. అందరూ నవ్వారు. నుమోన్‌కి నవ్వు రాలేదు.

రాదు మరి. ఆ కళ్ళ పక్కన కో-పైలట్‌గా కూర్చుని రాజధాని దుషాంబే నుంచి కొండల్లోని ఖోరోగ్‌కి ఎగరాల్సింది అతను.

నుమోన్‌ది ఖుజంద్ వైపు మైదానం. అక్కడ పత్తి చేల మీద మందు చల్లే చిన్న విమానం నడిపేవాడు. ఆ చేలల్లో అన్నిటికంటే ఎత్తైనది కరెంటు స్తంభం. ఇక్కడ సంగతి వేరు. ఈ రెండు ఇంజన్ల బుల్లి విమానానికి పామీరు కొండల మీదుగా ఎగిరే సత్తా లేదు, కొండల మధ్యలోంచి దూరాలి. కింద పాంజ్ నది, అవతలి గట్టు అఫ్ఘానిస్తాన్, అటూ ఇటూ రాతి గోడలు. ఒకచోట ఆ గోడలు మరీ దగ్గరికొచ్చేస్తాయి. దాన్నే పైలట్లు కిటికీ అంటారు. మబ్బు లేకపోతే కిటికీ తెరిచినట్టు, మబ్బు కూర్చుంటే మూసినట్టు. మూసిందని తెలిస్తే దానికి ముందే, లోయ కాస్త వెడల్పుగా ఉన్నచోట, విమానాన్ని తిప్పేసుకోవాలి. ఆ చోటు దాటాక తిప్పడానికి జాగా ఉండదు.

ఎడమ సీట్లో కెప్టెన్‌కి ఎడమ గోడ బాగా కనిపిస్తుంది, కుడి సీట్లో వాడికి కుడి గోడ. అందుకని కుడి సీటు వాడు ఎదురొచ్చే ప్రతి బండనీ పేరు పెట్టి పిలవాలి. ఇది ఈ దారిలో ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. "ఒంటె మోకాలు వచ్చింది. ముసలిదాని ముక్కు వచ్చింది. కిటికీ తెరిచింది." కొత్తల్లో నుమోన్‌కి ఇది భలే ముచ్చటగా ఉండేది. ఇప్పుడు అనుమానంగా ఉంది. చూడగలిగినవాడికి ఇంకొకడు చూసి చెప్పడం ఎందుకు?

మొదటి రోజు కెప్టెన్ చెప్పిన మాట కూడా ఇప్పుడు వేరేగా వినిపిస్తోంది. ఆ రోజు ఆయన వేలు చూపించి మరీ చెప్పాడు. "ఒరేయ్ అబ్బాయ్, ఇక్కడ చట్టం ఒక్కటే. ఇద్దరిలో ఎవరి నోట 'మూసింది' అన్న మాట వచ్చినా మూసినట్టే. రెండోవాడు ఎందుకని అడగడు, ఏదీ అని చూడడు, తిప్పేస్తాడు. అర్థమైందా?" అప్పుడు అది పెద్దరికంలా తోచింది. ఇప్పుడేమో గుడ్డివాడు తన గుడ్డితనం మీద కప్పుకున్న దుప్పటిలా తోస్తోంది.

ఈ అనుమానానికి నీళ్ళు పోసినవాడు మెకానిక్ ఖొలిక్. ఇంజను మూత బిగిస్తూ, అటూ ఇటూ చూసి, "ఆయన పక్కన కూర్చున్నవాడి కళ్ళే ఆయన కళ్ళు బాబూ," అన్నాడు.

"అంటే?"

"అంటే ఏముంది? నేనేమీ అనలేదు. పైలట్ల కళ్ళు బాగున్నాయని రాసిచ్చే డాక్టరుది ఆయన ఊరే అన్నాను, అంతే."

"ఎప్పుడన్నావు?"

"ఇప్పుడే కదా అన్నాను. నీ చెవులు కూడా చూపించుకో."

ఖొలిక్ అలాంటివాడు. నిప్పు పెట్టి తను మాత్రం పక్కింట్లో కూర్చుంటాడు. కానీ ఆ మాట విన్నాక నుమోన్‌కి నిద్ర కరువైంది. విమానం ఎక్కే ముసలివాళ్ళనీ చంటిపిల్లల తల్లుల్నీ చూస్తే మొహం అటు తిప్పుకునేవాడు. పై అధికారికి చెబుదామంటే రుజువేదీ? అబద్ధమైతే ఇన్నేళ్ళు ఈ లోయలో చిన్న గీత కూడా పడకుండా ఎగిరిన మనిషి పరువు తీసినవాడవుతాడు. నిజమై ఉండీ చెప్పకపోతే, ఏదో ఒక రోజు వీళ్ళందరితో పాటు తనూ గోడకి అంటుకుపోతాడు. అందుకే పరీక్ష పెడదామనుకున్నాడు.

మూసి ఉన్నప్పుడు తెరిచిందంటే చస్తారు. తెరిచి ఉన్నప్పుడు మూసిందంటే ఎవరూ చావరు. మహా అయితే వెనక్కి వస్తారు, అంతేగా! కళ్ళున్నవాడైతే "ఎక్కడ్రా మూసింది, నీ కళ్ళేమయ్యాయి?" అని తిట్టి ముందుకు పోనిస్తాడు. లేనివాడైతే నోరు మూసుకుని తిప్పేస్తాడు. ఇంతకన్నా తేలికైన పరీక్ష ఉండదని నుమోన్ తన తెలివికి తనే మెచ్చుకున్నాడు.

వానలకి రెండు రోజులు దారి మూతపడి, ఆ మర్నాడు ఆకాశం కడిగిన పళ్ళెంలా తేటపడింది. జనం తోసుకుంటూ ఎక్కారు. కాక్‌పిట్ వెనకే మొదటి సీట్లో సౌసన్ అనే నడివయసావిడ కూర్చుంది. ఒళ్ళో చిన్న గుడ్డసంచి. పైలట్ల గదికి తలుపు లేదు, ఓ తెర ఉంది, అదీ ఎప్పుడూ పక్కకి తోసే ఉంటుంది. అందుకని ఆమెకి ముందున్న అద్దంలోంచి లోయ కనిపిస్తుంది, ఆమె మాటలు వీళ్ళకి వినిపిస్తాయి.

"సంచిలో ఏముందమ్మా అంత జాగ్రత్తగా పట్టుకున్నావు?" అని కెప్టెన్ వెనక్కి తిరిగి అడిగాడు.

"పత్తి అన్నా. మా పెరట్లో పండింది. మా నాన్న పోయాడు. ఈ సాయంత్రం దీపం పెడతారు. వత్తికి నా చేతి పత్తే ఇస్తానని ఆయనకి ఎప్పుడో మాటిచ్చాను."

కెప్టెన్ గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. పోయిన మనిషికి మూడో సాయంత్రం పెట్టే ఆ దీపం పామీరు వాళ్ళకి ఎంతటిదో ఆయనకి చెప్పక్కర్లేదు, ఆయనా ఆ లోయ బిడ్డే. "చేరుస్తానమ్మా, ఆకాశం బాగుంది," అన్నాడు.

ఆ మాట నుమోన్ కూడా విన్నాడు. పరీక్ష ఇంకో రోజు పెట్టుకోవచ్చు కదా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. కానీ అనుమానం తలకెక్కినవాడికి ఆగే ఓపిక ఉండదు. ఇంత తేటగా తెరిచిన రోజు మళ్ళీ దొరకదని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు.

ఒంటె మోకాలు దాటింది. ముసలిదాని ముక్కు దాటింది. ఎదురుగా కిటికీ, దాని అవతల ఎండలో మెరుస్తున్న నది, జొన్నరొట్టెంత పొలాలు. మబ్బు పింజ కూడా లేదు.

"కిటికీ మూసింది," అన్నాడు నుమోన్.

కెప్టెన్ తల తిప్పలేదు. మాట పూర్తయ్యేలోపే విమానం ఎడమ రెక్క మీదికి ఒరిగి, లోయని చుట్టుకుని వచ్చిన దారి పట్టింది.

"అదేంటన్నా! తెరిచే ఉంది కదా! నాకు కనిపిస్తోంది, నది కూడా కనిపిస్తోంది!" అని వెనక నుంచి సౌసన్ అరిచింది.

కెప్టెన్ విమానాన్ని దుషాంబే వైపు పోనిస్తూనే ఉన్నాడు. వెనక కూర్చున్న ఆడమనిషికి కనిపించింది ఈయనకి కనిపించలేదు. దొరికాడు! సంతోషపడాలో భయపడాలో అతనికి తెలియలేదు.

వాతావరణం వల్ల వెనక్కి తిప్పిన కెప్టెన్, దిగాక ప్రయాణికులతో రొట్టె తుంచుకుని తినాలి. ఇదీ ఈ దారి ఆచారమే. నా మీద కోపం పెట్టుకోకండి, మీ ప్రాణాల కోసమే తిప్పాను అని దాని అర్థం. రొట్టె చేతిలో ఉండగా అబద్ధమాడకూడదన్నది ఈ దేశంలో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. కెప్టెన్ అక్నజర్ విమానం నీడలో నిలబడి రొట్టె తుంచి అందరికీ పంచాడు. సౌసన్ తీసుకోలేదు.

"రొట్టె పట్టుకున్నావు కదా, చెప్పు. కిటికీ మూసి ఉందా?"

"మూసిందన్న మాట పుట్టింది తల్లీ. ఆ మాట పుట్టాక తిప్పకుండా ఉండను."

"మాట సంగతి నేనడగలేదు. నువ్వు చూశావా అని అడిగాను."

ఆయన తల దించుకున్నాడు. "తప్పు నాదే అనుకో."

"అనుకోవడమేంటి, నీదే! ఎవరింట్లో పెళ్ళి పిలుపుందో, ఎవరు రమ్మన్నారో, తిప్పుకొచ్చేశావు. కారెక్కితే తెల్లారేదాకా రోడ్డు మీదే ఉంటాను. మా నాన్న దీపం నా పత్తి లేకుండానే వెలుగుతుంది. నీ ఇంట్లో కూడా..." అని ఆమె ఏదో అనబోయి, రొట్టెని చూసి శాపం మింగేసింది. సంచి గుండెకి హత్తుకుని కార్ల అడ్డా వైపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

నుమోన్ ఆమె వెనకే రెండడుగులు వేసి ఆగిపోయాడు. అయినా అనుమానం గెలిచింది. చూశాను అని ఆయన అనలేదు. రొట్టె చేతిలో ఉంది కాబట్టి అనలేకపోయాడు. ఇంకేం రుజువు కావాలి? అతను తిన్నగా పై అధికారి గది వైపు నడిచాడు.

"ఇటు రారా," అని కెప్టెన్ పిలిచాడు. రెక్క కింద పెట్టె మీద కూర్చుని ఉన్నాడు.

"పనుంది కెప్టెన్ గారూ."

"ఆ పని ఎక్కడికీ పోదు. ముందు ఇది చెప్పు. కిటికీ అవతల, నది మలుపు దగ్గర, నీలం కప్పు ఇల్లుంది కదా. దాని మీద ఇవాళ ఏం ఆరేశారు?"

నుమోన్ వెనక్కి తిరిగాడు.

"గమనించలేదా? ఎర్ర దుప్పటి. పక్కనే రెండు పిల్లల చొక్కాలు. ఆ ఇంటావిడ వాన వెలిసిన రోజున తప్పకుండా దుప్పటి ఉతుకుతుంది."

"మీకు... మీకు కనిపించిందా?"

"కొండలు కనిపించకపోతే ఈపాటికి నా ఎముకలు పాంజ్‌లో ఉండేవి." ఆయన జేబులోంచి కళ్ళద్దాలు తీసి ఊపాడు. "దగ్గరివే కనిపించవు. టీ గిన్నె కనిపించదు. అక్షరాలు కనిపించవు. డాక్టరు ఇవి రాసిచ్చాడు, పెట్టుకుంటే మా ఆవిడ అచ్చం మీ నాన్నలా ఉన్నావంటుంది, అందుకని జేబులో ఉంటాయి. కొండ టీ గిన్నెంత దగ్గరికొచ్చాక చూసి మాత్రం ఏం లాభంరా?"

"మరి తెరిచి ఉందని తెలిసి ఎందుకు తిప్పారు?"

"నువ్వు మూసింది అన్నావు."

"అంతేనా?"

"అంతే. నేను 'ఏదీ' అని ఒక్కసారి అడిగాననుకో, ఈసారి నిజంగా మబ్బు చూసినప్పుడు నువ్వు ముందు ఆలోచిస్తావు. నవ్వుతాడేమో, తిడతాడేమో అని ఆగుతావు. ఆ ఆగడంలోనే జనం పోయారు. నా స్నేహితులే పోయారు." ఆయన కళ్ళద్దాలు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "నాకు పరీక్ష పెట్టావు కదూ?"

నుమోన్‌కి ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు. "నన్ను క్షమించండి. ఆవిడకి నా పేరెందుకు చెప్పలేదు?"

"సీట్లో పుట్టిన మాట ఇద్దరిదీ. సరే, కుర్రతనం, ఒకసారికి వదిలేశాను. ఎల్లుండి పొద్దున్నే రా," అని కెప్టెన్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. నిజంగానే వదిలేశాననే అనుకున్నాడాయన. మంచివాళ్ళు తమ గురించి తాము అలాగే అనుకుంటారు.

ఆ తర్వాత ప్రయాణాలు మామూలుగానే సాగాయి. నుమోన్ ఇప్పుడు కెప్టెన్‌ని బాబాయ్ అనేవాడు, బండల పేర్లు ఒక్కటి తప్పకుండా పిలిచేవాడు. కెప్టెన్ కళ్ళద్దాలు పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు, ఖొలిక్ ఆయన్ని ప్రొఫెసర్ గారూ అని పిలవడం మొదలుపెట్టాడు. కానీ నుమోన్‌కి ఒకటి కొత్తగా తోచింది. తను "తెరిచింది" అన్న ప్రతిసారీ కెప్టెన్ మెడ కొంచెం, చాలా కొంచెం, కుడి వైపు కదులుతోంది. నా భ్రమేనేమో అనుకున్నాడు. అనుమానించడం ఇంక చాలని ఒట్టు పెట్టుకున్నాడు కాబట్టి ఆ అనుమానాన్ని కూడా నొక్కేశాడు.

ఖోరోగ్ నుంచి తిరిగొచ్చే ఓ మధ్యాహ్నం సౌసన్ మళ్ళీ ఎక్కింది. అదే ముందు సీటు. ఒళ్ళో గుడ్డసంచి అలాగే ఉంది, పత్తి అలాగే ఉబ్బెత్తుగా ఉంది. ఆమె ఇద్దరినీ పలకరించలేదు. నుమోన్ ఆ సంచి వైపు చూడలేకపోయాడు.

గాలి వెనక నుంచి తోస్తోంది. వెనక గాలితో విమానం పరుగెత్తుతుంది, మలుపు తిరగడానికి మామూలు కంటే ఎక్కువ జాగా అడుగుతుంది. అటు నుంచి వచ్చేటప్పుడు లోయ కుడికి వంగుతుంది, అందుకని కిటికీ మొదట కుడి సీటు వాడికే కనిపిస్తుంది. కెప్టెన్ ఎదురుగా ఎండ కాస్తోంది. నుమోన్ వైపు మాత్రం, గట్టు మీదుగా, పాలు పొంగినట్టు తెల్లగా మబ్బు జారి దిగుతోంది.

"మూసింది!" అన్నాడు నుమోన్.

విమానం ఒరగలేదు.

కెప్టెన్ ముందుకు వంగి, మెడ సాచి, నుమోన్ భుజం మీదుగా కుడి అద్దంలోంచి చూశాడు. ఒక్క చూపే. ఆయన కళ్ళలో ఉన్నది భయం కాదు. ఇది నిజమేనా అన్న ప్రశ్న. అది నుమోన్ చూశాడు.

"బాబాయ్, మూసింది!"

అప్పుడు తిప్పాడు. తిప్పే చోటు జారిపోయింది. విమానం నిలువుగా ఒరిగింది, వెనక సామాను కుప్పకూలింది, ఎవరో దేవుణ్ణి పిలిచారు. ముందు అద్దం నిండా రాయి వచ్చింది. రాయి మీద గడ్డిపోచలు, వాటి మధ్య గొర్రెల బాట, బాట మీద ఎండిన పెంటికలు కూడా కనిపించాయి. నుమోన్ తెలియకుండానే కాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు. రెక్క చివర గోడ పక్క నుంచి వెళ్ళింది. తర్వాత రాయి పోయి ఆకాశం వచ్చింది, కింద నది వచ్చింది, ఖోరోగ్ దారి వచ్చింది.

ఇంజన్లు ఆగాక కెప్టెన్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అవి వణుకుతున్నాయి.

"నేను చూశాను," అన్నాడు. "నువ్వు చెప్పాక కూడా చూశాను. ఇన్నేళ్ళలో ఎవరు చెప్పినా చూడలేదు."

"నా వల్లే కదా బాబాయ్."

కెప్టెన్ అద్దంలోంచి కిందికి చూశాడు. "బయట జనం నిలబడి ఉన్నారు. నా చేతులు ఈ స్థితిలో ఉన్నాయి. రొట్టె నువ్వు తుంచు," అన్నాడు.

నుమోన్ దిగి రొట్టె తుంచాడు. మొహాలు పాలిపోయిన జనం ఒక్కొక్కరే తీసుకున్నారు, కొందరు అతని భుజం తట్టారు. సౌసన్ అందరికంటే చివర వచ్చింది. ఈసారి తనే చెయ్యి చాపి ముక్క తీసుకుంది.

"బాబూ, ఇవాళ నేను నా కళ్ళతో చూశాను. ఎండ కాస్తుండగానే ఆ తెల్లటిది ఎలా దిగిందో చూశాను. ఆ రోజు మీ పెద్దాయన్ని నోటికొచ్చినట్టు అన్నాను. నాకు కనిపించనిది మీకేదో కనిపించే ఉంటుంది. ఆయన నన్ను క్షమించాడని చెబితేనే ఇది తింటాను." ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

తలూపితే సరిపోయేది. ఆవిడ మనసు తేలికపడేది, ఎవరికీ ఏ నష్టమూ లేదు. కానీ నుమోన్ రెండో చేతిలో ఇంకా రొట్టె ఉంది.

"ఆ రోజు కిటికీ తెరిచే ఉందమ్మా," అన్నాడు. "మీరు చూసిందే నిజం. ఆయన కళ్ళ మీద అనుమానంతో మూసిందని అబద్ధం చెప్పింది నేను. ఆయన నా మాట విని తిప్పాడు."

సౌసన్ అతని మొహం చూసింది. చేతిలో రొట్టె చూసింది. తిట్టలేదు, అరవలేదు. తిడితే బాగుండునని నుమోన్‌కి ప్రాణం కొట్టుకుంది. ఆమె తన ముక్కని తెచ్చి అతని అరచేతిలో తిరిగి పెట్టేసి, పత్తి సంచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

తుంచిన రొట్టె తిరిగిస్తే క్షమించనట్టేనని అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. ఒక్కొక్కరే జారుకున్నారు. నుమోన్ ఆ ముక్కని పట్టుకుని నిలబడే ఉన్నాడు.

కెప్టెన్ మెల్లగా మెట్లు దిగి వచ్చాడు. అతని చేతిలోంచి ముక్క తీసుకుని, కళ్ళద్దాలు సవరించుకుని, దాన్ని రెండుగా తుంచాడు. సగం తన నోట్లో వేసుకున్నాడు. సగం నుమోన్‌కి ఇచ్చాడు.

"తిను. రొట్టె పారెయ్యకూడదు."

నుమోన్ నోట్లో పెట్టుకున్నాడు.

"బాబాయ్, మళ్ళీ ఎప్పుడైనా నన్ను..."

"నీ మీద కోపం లేదురా," అన్నాడు కెప్టెన్. "కోపముంటే తగ్గేది. నువ్వు చెబితే నేను చూస్తాను. ఇక ఎప్పుడూ చూస్తాను. ఆ లోయలో చూసేంత జాగా లేదు."

నుమోన్ తలూపి, కుడి సీటు ఖాళీ చేసి తన సంచీ తెచ్చుకోవడానికి విమానం ఎక్కాడు.